గిజిగాడి గూటిలో మేత బస్తా

మొదటి రోజు: ధవళేశ్వరం, కడియం

గోదావరి ఒకటో ప్రమాద హెచ్చరిక దాకా వచ్చి, ఇక చాల్లే అనుకున్నట్టు వెనక్కి తగ్గిన వారం అది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే ఒకటో హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మా వైపు పిల్లలకు ఎక్కాలు రాకపోయినా ఈ మూడు అంకెలు వస్తాయి. తెల్లవారుజామున రాజమహేంద్రవరంలో రైలు దిగేసరికి బావ మోటారు సైకిలుతో సిద్ధంగా ఉన్నాడు. మా మేనత్త కొడుకు. నాకంటే ఆరు నెలలు పెద్ద. కొబ్బరితోట సొంతం, రొయ్యల చెరువు కౌలు.

“పిట్టగూళ్లు చూడటానికి సెలవు పెట్టి వచ్చినవాణ్ని నిన్నే చూస్తున్నాను” అన్నాడు.

కారణం బావ కూతురే. పోయిన ఏడాది ఆగస్టులో ఆ పిల్ల నాకు ఫోనులో ఒక ఫొటో పంపింది. తాటాకు కొసన వేలాడే గిజిగాడి గూడు, దాని నడుము దగ్గర నీలం గీత. ‘మామయ్యా, మా గిజిగాడు జరీ అంచు వేశాడు’ అని కింద రాసింది. అది జరీ కాదని, ప్లాస్టిక్ అని తెలుస్తూనే ఉంది. ఎక్కడి ప్లాస్టికో మాత్రం తెలియలేదు. గిజిగాడు గూడు కట్టేది వానల్లోనే గనక మళ్లీ ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది.

బ్యారేజీ మీద కాసేపు ఆగాం. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడు బస్సులు తిరిగే బ్యారేజీ దాని తరవాతిది. ఎర్రనీళ్ల మీద గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా వస్తోంది. ఒక్కో తెప్పలో నాలుగైదు నీళ్ల సీసాలు, ఒక చెప్పు, ఒక థర్మాకోల్ ముక్క. గేట్ల దగ్గర అవన్నీ ఒక్క క్షణం గిరగిర తిరిగి కిందికి జారిపోతున్నాయి.

“ఇదేం చూశావు, జూన్‌లో రావాల్సింది” అన్నాడు బావ. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. ఆ రెండు నెలలూ ఎండిన కాలువే ఊరికి చెత్తకుండీ. జూన్‌లో లాకులు ఎత్తగానే అదంతా లేచి ప్రయాణం కడుతుంది. “చిన్నప్పుడు కొత్తనీరు వస్తోందంటే పసుపు కుంకుమ పట్టుకుని గట్టు మీద నిలబడేవాళ్లు. ఇప్పుడు ముందు చెత్త వస్తుంది, దాని వెనక నీళ్లు వస్తాయి.”

మధ్యాహ్నం కడియపులంకలో ఆగాం. నర్సరీల ఊరు. రోడ్డుకు రెండు పక్కలా మొక్కలు, మొక్కల కింద నల్ల కవర్లు. గూళ్లు ఏమైనా ఉన్నాయా అని అడిగితే, కలుపు తీస్తున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, అమ్ముడుపోని నందివర్ధనం వరుసలోకి తీసుకెళ్లింది. ఛాతీ ఎత్తున పిగిలిపిట్ట గూడు. అరచేతి గిన్నెలా ఉంది. బయట సన్నపుల్లలు, వేళ్ల పీచు. లోపల నర్సరీ కవరు చీలికలు, నల్లగా, చుట్టలు చుట్టుకుని. అడుగున పరుపులా ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క. రాత్రి కురిసిన వాన ఆ ముక్క మీద నిలిచిపోయింది. మూడు గుడ్లు, గులాబీ మీద గోధుమ చుక్కలవి, సగం నీళ్లలో ఉన్నాయి.

నేను ఫొటో తీద్దామని ఫోను బయటికి తీసేలోపల, ఆవిడ గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, గూడు అడుగు నుంచి రెండు చోట్ల పొడిచింది. నీళ్లు సన్నగా కారిపోయాయి.

“కవరుకు చిల్లులు పొడవకపోతే వేరు కుళ్లిపోతుంది కదండీ” అంది. “మాకు మొదటిరోజే నేర్పుతారు. దీనికి ఎవరు నేర్పారు?”

తల్లిపిట్ట పక్క వరుసలో కూర్చుని మమ్మల్ని తిడుతూనే ఉంది. మేం వెళ్లిపోయాం.

రెండో రోజు: అంబాజీపేట వైపు

జొన్నాడ వంతెన మీద గౌతమి దాటి, రావులపాలెంలో అరటిగెలల లారీల మధ్య అరగంట ఇరుక్కుని, కొత్తపేట మీదుగా అత్తయ్య ఇల్లు చేరాం. ఇక్కడి నుంచి అంతా కొబ్బరి రాజ్యం. ఇంటింటి ముందూ డొక్కల గుట్టలు, రోడ్డు పక్కన ఆరబోసిన పీచు.

అత్తయ్య పెరట్లో ఒకప్పుడు నులక మంచం ఉండేది. ఆ నులక పోగుల కోసం పిచ్చుకలు పోట్లాడుకోవటం నాకు గుర్తు. మంచం అదే, దాని కోళ్లు అవే. అల్లిక మాత్రం ప్లాస్టిక్ నవారు, పచ్చదీ ఎర్రదీ కలిపి గళ్లుగా. ఎండకు ఒక మూల చివికి, పోగులు జుట్టులా లేచి ఉన్నాయి.

“నులక ఎవరు పేనతారురా ఇప్పుడు” అంది అత్తయ్య. “ఆవును కట్టేది కూడా నైలాన్ తాడే. నీళ్లకు కుళ్లదు, తొందరగా తెగదు.” డొక్కల గుట్టల మధ్య బతుకుతూ నైలాన్ తాడు కొనుక్కోవటంలో వింతేమీ ఆవిడకు కనిపించలేదు. ఎందుకు కనిపించాలి? పీచు లారీలెక్కి ఊరు దాటిపోతుంది, తాడు కొట్టు నుంచి వస్తుంది.

సాయంత్రం బావ కూతురూ నేనూ గుప్పెడు మెత్తటి పీచు తెచ్చి, చేత్తో విడదీసి, వదులుగా ముద్దచేసి సపోటా కొమ్మకు వేలాడదీశాం. పిట్టలకు దగ్గరలో మంచి సరుకు పెడితే చెడ్డ సరుకు జోలికి పోవని ఆ పిల్ల సిద్ధాంతం. అత్తయ్య వరండాలో కూర్చుని అంతా చూసింది. ఏమీ అనలేదు. అనుమానించాల్సింది అప్పుడే.

రాత్రి కరెంటు పోయింది. దోమతెరలో పడుకుని ఆ పిల్లకు ఆమ్‌స్టర్‌డామ్ బొల్లికోళ్ల కథ చెప్పాను. బొల్లికోడి మన చెరువుల్లోనూ కనిపించే నల్ల నీటిపిట్టే, నుదుట తెల్ల బొట్టు ఉంటుంది. అక్కడి కాలువల్లో అది ప్లాస్టిక్ పోగేసి గూడు కడుతోంది. మామూలుగా దాని గూడు ఆకూ అలమూ గనక కుళ్లిపోతుంది, మళ్లీ కొత్తది కట్టుకోవాలి. ప్లాస్టిక్ కుళ్లదు గనక పాత గూటి మీదే కొత్త గూడు, దాని మీద ఇంకోటి. హీమ్‌స్ట్రా అనే డచ్ జీవశాస్త్రవేత్త, ఆయన సహచరులు అలాంటి గూడొకటి పొర పొరగా విప్పి, కవర్ల మీది తేదీలు చదివి 2025లో ప్రచురించారు. పై పొరల్లో కరోనా కాలపు మాస్కులు. అడుగున 1994 ఫుట్‌బాల్ ప్రపంచకప్ బొమ్మతో ఒక మార్స్ చాక్లెట్ కాగితం.

“అంటే గూడు కింద తవ్వితే నువ్వు చిన్నప్పుడు తిన్న చాక్లెట్ కాగితం దొరుకుతుందన్నమాట” అంది పిల్ల.

మూడో రోజు: అల్లవరం వైపు, చెరువుల మధ్య

సముద్రం వైపు వెళ్లేకొద్దీ కొబ్బరి పలచబడి, వరి ఒక ముక్కా రెండు ముక్కలుగా మిగిలి, ఆ తరవాత అంతా చెరువులే. నీళ్లలో తిరుగుతూ గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు తప్ప వేరే చప్పుడు లేదు. చెరువు మీద అడ్డంగా బార బారకూ నైలాన్ తాళ్లు లాగారు, కొంగలూ నీటికాకులూ దిగకుండా. గట్టు చుట్టూ పీతలు పాకి రాకుండా మోకాలెత్తు వల. ఒక తాడుకు ఎండిపోయిన తెల్లకొంగ రెక్క మాత్రం వేలాడుతోంది. నేను దానివైపు చూడటం బావ చూశాడు.

“కొంగ ఒక చెరువులో జబ్బు రొయ్యను తిని ఇంకో చెరువులో జారవిడిస్తే ఎన్ని లక్షలు పోతాయో తెలుసా నీకు?”

తెలియదు. తెలియదనే ఒప్పుకున్నాను.

బావ కౌలు చెరువు గట్టు చివర మూడు తాటిచెట్లు మిగిలాయి. మధ్యదాని మీద ఆకుల కొసలన్నిటికీ గూళ్లే. లెక్కపెట్టగలిగినన్ని పదిహేడు. పసుపు తల మగపిట్టలు ఒకటే హడావుడి. కొన్ని గూళ్లు ఇంకా తలపాగా దశలోనే ఉన్నాయి. గిజిగాడు ముందు శిరస్త్రాణంలా సగం గూడు కట్టి, లోపల అడ్డపట్టీ అల్లి, దానికి వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తాడు. ఆడపిట్టలు వచ్చి ఒక్కొక్కటీ పరీక్షిస్తాయి. నచ్చితే గుడ్ల గది, కింది గొట్టం పూర్తిచేస్తాడు. నచ్చకపోతే సగంలోనే వదిలేసి ఇంకోటి మొదలుపెడతాడు. నచ్చినా అంతే, ఆవిణ్ని అందులో దింపి పక్క కొమ్మకు పోయి రెండో సంసారానికి పునాది వేస్తాడు. మిణుగురులను మట్టిలో గుచ్చి గూట్లో దీపం పెట్టుకుంటాడని మా నాయనమ్మ చెప్పేది. మట్టి మాత్రం నిజం. తలపాగా లోపల తడిమట్టి ముద్దలు అద్దుతాడు. దీపం నాయనమ్మది.

గంటన్నర కూర్చున్నాను. మిగిలిన వరిముక్క కాస్త దూరంలో ఉంది. అక్కడికి వెళ్లిన పిట్ట, ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ గాటు దగ్గర పట్టుకుని ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. పొడవాటి చీలిక సర్రున ఊడివస్తుంది. అది మామూలే, చిన్నప్పుడు చూసిందే. కానీ రెండు పిట్టలు వరి వైపు వెళ్లటం లేదు. ఎదుటి గట్టు మీద, అలల కోతకు అడ్డంగా పేర్చిన మట్టి బస్తాల మీద వాలుతున్నాయి. రొయ్యల మేత ఖాళీ అయిన బస్తాల్లో మట్టి నింపి గట్టుకు ఆనిస్తారు. రెండు వేసవులకు ఆ బస్తా ఎండకు పెళుసెక్కి, నేత విడిపోయి పోగులు పోగులుగా లేస్తుంది. గాటు పెట్టే పని కూడా లేదు. పట్టుకుని ఎగిరితే చాలు.

గాలికి రాలిన గూడొకటి చెట్టు కింద దొరికింది, ఖాళీదే. గట్టు మీద తుండు పరిచి విప్పాను. వరి చీలికలు, తాటాకు ఈనెల పక్క నుంచి చీల్చిన పోగులు, మధ్యలో తెల్లటి చదునైన ప్లాస్టిక్ పోగులు. మూడు రకాలనూ వేలి మీద పక్కపక్కన పెట్టాను. వెడల్పు ఇంచుమించు ఒకటే, రెండు మూడు మిల్లీమీటర్లు. పొడవు జానెడు పైమాటే. అప్పటిదాకా నేను చదివిన ప్రతి రాతలోనూ ‘పాపం, ఆ మూగజీవి పొరపడింది’ అనే ఉంది. ఇక్కడ పొరపాటేమీ లేదు. ఆకు చీలికకు ఏ కొలతలు చూస్తాడో దీనికీ అవే చూశాడు, కొలతలు సరిపోయాయి. మూడేళ్ల కిందట ఇక్కడ వరి ఉండేదని, ఇంకో పాతిక తాటిచెట్లు ఉండేవని బావే చెప్పాడు. గిజిగాడి చేతికందే దూరంలో ఉన్న ఆకు తగ్గింది, బస్తా పెరిగింది.

తేడా ముడిలో కనిపించింది. పచ్చి ఆకుపోగు ఆరుతున్నకొద్దీ బిగుసుకుని, చుట్టిన చోట చుట్టినట్టే ఉండిపోయింది. దాన్ని విప్పటానికి నాకు గోరు కావాల్సి వచ్చింది. ప్లాస్టిక్ పోగు అల్లింది అల్లినట్టే ఉన్నా పట్టు లేదు. లాగితే చుట్టలన్నీ జారిపోయి పొడుగ్గా చేతికి వచ్చింది. గూడు రాలింది కూడా ఆ పోగులు ఎక్కువగా ఉన్న మెడ దగ్గరే. ఒక్క గూటిని చూసి తీర్పు చెప్పటం తప్పే గాని, వేలికి తగిలింది మరి.

కొన్ని పోగుల మీద నీలం గీతలు. బావ ఒక పోగు తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు, తరవాత లేచి బస్తాల దగ్గరికి వెళ్లి, ఒకదాన్ని కాలితో తిప్పి, తిరిగి వచ్చాడు.

“ఇది మన మేతే” అన్నాడు.

బస్తా మీద పెద్ద నీలం అక్షరాల్లో కంపెనీ పేరు. పిట్ట దాన్ని నిలువునా చీలికలు చేసుకుంటే ఏ అక్షరమూ మిగల్లేదు. మా మేనకోడలికి జరీ అంచు మిగిలింది. ఏడాదిగా వెతుకుతున్న జవాబు బావ చెరువు గట్టు మీద, బావ డబ్బుతో కొన్న బస్తాలో దొరికింది.

దారంతా బావ మాట్లాడలేదు. ఇంటి మలుపులో మాత్రం, “మట్టి బస్తాలు తీసేస్తే గట్టు జారిపోతుంది. అదీ సంగతి” అన్నాడు. నేను తీసేయమని అనలేదు.

నాలుగో రోజు: యానాం, కోరంగి

పొద్దున్నే వాన. ఎదుర్లంక వంతెన మీద గౌతమి పూర్తి వెడల్పున కనిపించింది, అవతలి గట్టు కనిపించలేదు. యానాం దాటి కోరంగి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి, 235 చదరపు కిలోమీటర్లు. 1839 నవంబరు తుపాను మింగేసిన రేవు ఇదే. గాలి ఎక్కువగా ఉందని పడవలు తిప్పలేదు. చెక్కబాట మీద నడిచాం. గూళ్లేమీ కనిపించలేదు. ఒక్క దృశ్యం చెప్పి ముందుకు పోతాను. మడచెట్టు ఊపిరి కోసం బురదలోంచి పైకి పెంచే వేళ్లు వందల కొద్దీ, పెన్సిళ్లు గుచ్చినట్టు ఉంటాయి కదా. పోటు తీసింతరవాత ప్రతి నాలుగో వేరుకూ ఒక కవరు తొడిగి ఉంది, తలకు టోపీలా. పలచటి కవర్లను ఇప్పటికే ఎన్నోసార్లు నిషేధించారు. ఆ టోపీలు ఏ ఏటివో చెప్పటానికి ఆమ్‌స్టర్‌డామ్ నుంచి ఎవరైనా రావాలి.

తిరిగి వచ్చే దారిలో ఒక ఊరి చెరువు పక్కన చింతచెట్టు నిండా కొంగల గూళ్లు, గుడ్డికొంగలూ తెల్లకొంగలూ కలిసి. చెట్టు కింద నేల సున్నం కొట్టినట్టుంది, వాసన సంగతి రాయను. వేళ్ల మధ్య గుడ్డికొంగ పిల్ల పడి ఉంది, బతికే. కుడికాలికి వల దారం చుట్టుకుని ఉంది. దారం ఎప్పటిదో, కాలు దాని తరవాత పెరిగింది. అందుకే చర్మంలోకి దిగిపోయింది. ఆకు పోగైతే ఈపాటికి కుళ్లి తెగిపోయేది. అత్తయ్య మెచ్చుకున్న గుణం ఇదే, నీళ్లకు కుళ్లదు, తొందరగా తెగదు.

బావ తాళాల గుత్తికి ఉన్న గోళ్ల కత్తిరి తీశాడు. నేను పిల్లను పట్టుకున్నాను. అది నా మణికట్టును పొడుస్తూనే ఉంది, చేపల వాసనతో ఏదో కక్కింది కూడా. నాలుగు చుట్లు. మూడు తేలిగ్గా తెగాయి. నాలుగోదానికి బావ ఊపిరి బిగబట్టి పది నిమిషాలు తీసుకున్నాడు. జ్వరమొచ్చిన బిడ్డ కాళ్లు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కొంగల కోసం చెరువు మీద తాళ్లు లాగిన మనిషే.

వేల్స్ తీరాన గ్రాస్‌హోమ్ అనే దీవిలో గానెట్ అనే సముద్రపక్షుల కాలనీ ఉంది. 2011లో అచ్చయిన అధ్యయనం ప్రకారం అక్కడ ఒక్కో గూటిలో సగటున 470 గ్రాముల ప్లాస్టిక్, దీవి మొత్తం మీద 18 టన్నుల పైచిలుకు, ఎక్కువగా చేపల వేట తాళ్లే. ఏటా అరవైకి పైగా పక్షులు ఆ తాళ్లలో చిక్కుకుంటాయి, వాటిలో ఎక్కువ పిల్లలే. మిగతావన్నీ ఎగిరిపోయిన తరవాత మనుషులు పడవలో వెళ్లి చిక్కుకున్నవాటిని కోసి విడిపిస్తారు. బావకు ఇది చెప్పాను.

“గోళ్ల కత్తిరితోనేనా?” అన్నాడు.

పిల్లను అందినంత ఎత్తు కొమ్మ మీద పెట్టాం. తల్లి వచ్చిందో లేదో చూడటానికి వాన నిలబడనివ్వలేదు.

ఐదో రోజు: కాకినాడ, మళ్లీ పెరడు

కాకినాడ చేపల రేవు దగ్గర గద్దలకు లోటు లేదు. నిద్రగన్నేరు చెట్టు మీది పాత గద్దగూడు రాత్రి గాలికి కిందపడిందని టీ కొట్టాయన చెప్పి, కాలితో చూపించాడు. గద్దలు చలికాలంలో పెడతాయి గనక గూడు ఖాళీదే. పుల్లల కంటే మిగతా సరుకే ఎక్కువ. వల ముక్కలు, కరెంటు తీగ, చీర చెంగు, మాస్కు చెవితాళ్లు, పాలపాకెట్ మూలలు, ఎవరి మెడలోంచో జారిన పార్టీ కండువా. వల అల్లుకుంటున్న ఒక పెద్దాయన అందులోంచి నైలాన్ ముక్క లాగి, వల కన్ను కొలిచి, “ఇది మాదేనండి” అని పక్కన పెట్టుకున్నాడు. పనికొస్తుందట.

తెల్ల కవరు ముక్కలు మాత్రం గూడు అంచు మీద, పైకి కనిపించేలా ఉన్నాయి. స్పెయిన్‌లో దోన్యానా అడవిలో గద్దల మీద చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. అక్కడి గద్దలు గూటి మీద ప్లాస్టిక్ పరుస్తాయి, రంగురంగులవి పెట్టి చూస్తే తెల్లదే ఏరుకున్నాయి. మంచి వయసులో ఉన్న బలమైన జంటలు ఎక్కువ పరుస్తాయి, వాటి గూటి జోలికి మిగతా గద్దలు తక్కువగా వస్తాయి. మరీ చిన్నవీ, మరీ ముసలివీ దాదాపు పరచవు. వాటి గూటి మీద మనుషులే తెచ్చి పెడితే తీసి పారేశాయి కూడా, లేని బలం చూపించుకుంటే దెబ్బలు తినాలి గదా. వాకిట్లో కొత్త కారు నిలబెట్టినట్టు. మెక్సికో నగరంలో పిచ్చుకలు సిగరెట్ పీకల దూది గూట్లో పరుస్తాయని 2012లో తేలింది. పొగాకు ఘాటుకు గూట్లో పురుగు తగ్గింది, కానీ తరవాత చూస్తే పిల్లల రక్తకణాలకు హాని జరుగుతోంది.

చీకటి పడేవేళకు అత్తయ్య ఇంటికి చేరాం. చెప్పులు విడవకుండానే పెరట్లోకి వెళ్లాను. సపోటా కొమ్మకు దారం ఉంది, పీచు లేదు. నేలంతా వెతికాను. ఒక్క పోగు రాలలేదు. మొత్తం పట్టుకుపోయాయన్నమాట అని బావ కూతుర్ని కేకేశాను.

“పీచు ఏది అత్తయ్యా, ఏ పిట్ట తీసుకెళ్లింది?”

“పిట్టేమిటిరా, గిన్నెలు తోముకున్నాను” అంది అత్తయ్య, నూతి దగ్గర నుంచి. “అంత మెత్తటి పీచు చెట్టుకు కట్టేవాడెవడు?”

బావ కూతురు నా చొక్కా పట్టి లాగింది. మంచం మీద పిగిలిపిట్ట. చివికిన మూల దగ్గర కాళ్లు తన్నిపెట్టి, ఒక ఎర్ర నవారు పోగును ముక్కుతో పట్టుకుని వెనక్కి వెనక్కి లాగుతోంది. పోగు సాగింది, తెగలేదు. వదిలేసి, చోటు మార్చి, ఈసారి రెక్కలు కొడుతూ లాగింది.